పుట్ట పెట్టే చెద, పుట్ట పెట్టని చెద



చేలో చెద పడిందనగానే మనం మొదట చేసే పని ఏమిటో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. పలుగు భుజాన వేసుకొని గట్టు మీది పుట్ట దగ్గరకు పోతాము. పుట్ట పగలగొడతాము. లోపల వేలంత లావున తెల్లగా ఉబ్బి ఉన్న రాణిని బయటకు లాగి, ఇంతటితో పీడ విరగడైంది అనుకొని ఇంటికి వస్తాము. పది రోజులు పోయిన తర్వాత చేలోకి పోయి చూస్తే వేరుశనగ చెట్లు మునుపటి మాదిరే వాడిపోతూ ఉంటవి.

అనంతపురం జిల్లాలో ఒక పెద్దాయన చేలో నేను సరిగ్గా ఇదే చూచితిని. ఎర్ర గరపనేల. ఊడలు దిగి కాయ గట్టిపడే అదను. చేను మధ్య అక్కడొకటి ఇక్కడొకటి చెట్లు వాడి, ఆకు పండుబారి, చేత్తో పట్టుకొంటే చాలు ఊడివస్తున్నవి. "పుట్ట తవ్విస్తిని, మందు పోయిస్తిని, రాణిని గూడా తీసి పారేస్తిని సార్. చెట్లు సచ్చేది మాత్రం నిలవలేదు" అన్నాడాయన. ఆ పుట్ట చూస్తే గట్టు మీద, చెట్లు చచ్చే చోటికి బాగా దూరాన ఉన్నది. అప్పుడు చేను మధ్యనే, చచ్చిన చెట్టు కింద ఒక గొయ్యి తీయించినాము. మూరెడు లోతున నిమ్మకాయంత ఖాళీ గది ఒకటి కనబడింది. అందులో స్పాంజివంటి చిన్న ముద్ద, దాని చుట్టూ బియ్యపు నూకలంతేసి చెదపురుగులు. కొంచెం పక్కకు తవ్వితే అటువంటిదే ఇంకొకటి. మరికొంచెం పక్కకు, మరొకటి. పైన పుట్ట అనే గుర్తే లేదు. ఆయన పగలగొట్టింది ఒక చెద ఇల్లు, చేను తింటున్నది వేరొక చెద. కూలీ ఖర్చు, మందు ఖర్చు రెండూ గట్టు పాలైనవి.

ఈ రెండు చెదలకూ తేడా ఎట్లా కనిపెట్టాలో చెప్పడమే నా ఉద్దేశం. అది తెలియాలంటే ముందు ఇవి బతికే తీరు కొంత తెలియాలి. కొంచెం ఓపిక పట్టండి, ఇది వినదగిన కథే.

పుట్టలు చీమలు పెడతవనీ, వాటిలో పాములు చేరతవనీ మన పద్యాలలో, సామెతలలో అంటూ ఉంటారు. పాములు చేరే మాట నిజమే గాని, పెట్టేది చీమ కాదు, చెద. చీమ తేనెటీగకూ కందిరీగకూ చుట్టము. చెద అయితే బొద్దింకకు చుట్టము. పైగా చీమకూ చెదకూ ఆజన్మ వైరం. పుట్ట పగిలిన మరుక్షణం చీమలు బారులు కట్టి వచ్చి చెదలను మోసుకొని పోవడం మీరు చూచే ఉంటారు.

మన చేలలో నష్టం చేసే చెదలలో చాలా భాగం ఒకే తెగవి. ఈ తెగ వృత్తి సేద్యం. అవును, సేద్యమే. ఇవి నేల లోపల చీకట్లో బూజును సాగు చేసి, ఆ పంట తిని బతుకుతవి. చెద ఎండు పుల్లలు, ఎండుటాకు, గడ్డి, కొయ్యకాళ్ళు కొరికి మింగుతుంది. కొయ్యలోని గట్టి పదార్థం దాని కడుపులో అరగదు. గూటికి తిరిగి వచ్చి, ఆ నమిలినదానిని బూజు విత్తనంతో కలిపి చిన్న చిన్న పెంటికలుగా విడుస్తుంది. ఆ పెంటికలు పేర్చి మడతలు మడతలుగా ఒక తుట్టె కడుతుంది. తేనెతుట్టె మాదిరి కాదు. ఎండిన స్పాంజి ముక్కో, అక్రోటు పప్పో చూచినట్లుంటుంది. కొద్ది రోజులలో దాని నిండా తెల్లని బూజు అల్లుకొని, గసగసాలంతా ఆవగింజలంతా ఉండే తెల్లని గుండ్లు పుట్టుకొస్తవి. ఆ గుండ్లు చెదలకు అన్నము. బూజు పనిచేసి మెత్తబరచిన పాత తుట్టెను కూడా అవి తింటవి. పైన కొత్త పెంటికలు పేరుస్తూ, అడుగున మాగినది తింటూ పోతవి. మనం పెంటదిబ్బ మీద కొత్త పెంట వేస్తూ అడుగున మాగినది తవ్వి తోలుకొనడం లేదూ? అదే పద్ధతి.

ఈ సేద్యం ఆఫ్రికా అడవులలో సుమారు మూడు కోట్ల ఏండ్ల క్రితం మొదలైనదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. మనిషి నాగలి పట్టి పదివేల ఏండ్లే. అక్కడినుండి ఈ తెగ ఆసియాకు వచ్చింది. అమెరికా ఖండాలలోను, ఆస్ట్రేలియాలోను చెదలు ఎన్నో ఉన్నా, ఈ బూజు సాగు చేసే తెగ మాత్రం లేదు. ఆ బూజుకు 1942లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టినాడు. చెద బూజు అని దాని అర్థం. చెద గూటిలో తప్ప ఇది వేరేచోట బతకదు. ఇది లేకుండా ఈ చెదలూ బతకలేవు.

చెద గూటిలో తుట్టె ఉంటుందని లోకానికి మొదట వ్రాసి తెలిపినవారిలో ఒకరు మన దక్షిణాదిలో పనిచేసినవాడే. లిన్నేయస్ శిష్యుడు జొహాన్ గెరార్డ్ కోనిగ్ అనే వైద్యుడు తమిళదేశంలోని తరంగంబాడిలో ఉంటూ, పుట్టలు తవ్వించి చూచి, 1779లో తెల్లచీమలను గూర్చి ఒక వ్యాసం ప్రకటించినాడు. ఆయన 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూసినాడు.

ఇక మన లెక్కకు వద్దాము. చెద మీ గింజ కోసం రాదు. తన బూజు తోటకు ఎరువు కోసం వస్తుంది. దానికి కావలసింది ఎండు గడ్డి, కొయ్య, పీచు, తొక్క. చేలో ఎండు చెత్త ఉంటే ముందు దానినే పట్టుతుంది. అది అయిపోయినా, బెట్ట వచ్చి పచ్చని చెట్టు వాడుముఖం పట్టినా, మన పంట మీదికి వస్తుంది. వేరుశనగలో అది కోరేది కాయ డొల్లను, వేరులోని కొయ్యను. ఈ ఒక్క మాట జ్ఞాపకం పెట్టుకొంటే మున్ముందు చెప్పబోయేదంతా సులభంగా బోధపడుతుంది.

సౌకర్యం కోసం నేను మొదటిదానిని పుట్ట చెద అనీ, రెండవదానిని నేల చెద అనీ అంటాను. విస్తరణోద్యోగులకు శాస్త్రీయ నామాలు కూడా కావాలి గనుక చెబుతున్నాను. పుట్ట చెద ఓడాంటోటెర్మిస్ ఒబేసస్. నేల చెద మైక్రోటెర్మిస్ ఒబేసి. చివరి మాట దాదాపు ఒకటే కావడం వల్ల రిపోర్టులలో ఒకదాని బదులు ఒకటి వ్రాసేవారున్నారు. దయచేసి ముందు మాట చూడండి. ఓడాంటో అంటే పన్ను. మైక్రో అంటే చిన్నది. ఈ రెండు మాటలలోనే గుర్తు పట్టే ఉపాయం ఉన్నది.

పుట్ట చెద కట్టేది మనందరం ఎరిగిన పుట్ట. మనిషి నిలువు దాకా లేస్తుంది. గోడకు ఆనుబళ్ళు పెట్టినట్లు చుట్టూ నిలువు మడతలు ఉంటవి. పైన ఎక్కడా బొక్క ఉండదు. మరి లోపల లక్షల పురుగులకు గాలి ఎట్లా అందుతుంది? 2015లో ముగ్గురు శాస్త్రజ్ఞులు బెంగుళూరులో ఈ చెద పుట్టలలోనే పరికరాలు దింపి దీనిని తేల్చినారు. పగటి ఎండకు పుట్ట అంచులలోని పలుచని మడతలు ముందు వేడెక్కుతవి, నడిమి భాగం చల్లగా ఉంటుంది. అంచులలో గాలి పైకి లేచి నడుమ కిందికి దిగుతుంది. రాత్రి అంచులు ముందు చల్లారుతవి గనుక గాలి ఎదురు తిరుగుతుంది. మట్టిగోడ గట్టిగా కనిపించినా సన్నని రంధ్రాలున్నదే గనుక చెడుగాలి ఆ గోడలోనుంచే బయటకు పోతుంది. మన ఇళ్ళు కట్టే మేస్త్రీలకు తట్టని ఆలోచన!

ఈ పుట్ట లోపల తుట్టెలు పెద్దవి. పిడికిలంత మొదలుకొని కొబ్బరికాయంత దాకా ఉంటవి. ఒక్కొక్క తుట్టె ఒక్కొక్క గదిలో, మేడ మీద మేడగా ఉంటుంది. అడుగున నేలమట్టానికి దగ్గరలో గట్టి మట్టితో చేసిన గది ఉంటుంది. అందులో రాజు, రాణి. రాణి రోజుకు వేలకొద్ది గుడ్లు పెడుతుంది. అది కదలలేదు.

దీని సైనికుణ్ణి పట్టి చూడండి. పచ్చగా గాని ఇటుకరంగుగా గాని తల, ముందుకు పొడుచుకు వచ్చిన కొడవళ్ళవంటి రెండు దవడలు. భూతద్దం పెట్టి చూస్తే ఎడమ దవడ లోపలి అంచున ఒక పన్ను కనబడుతుంది. ఆ పన్ను వల్లనే ఆ పేరు. మరి నేల చెద సైనికుడో? సగం సైజు కూడా ఉన్నట్లు తోచదు. దవడలు సన్నగా, సూదుల్లాగా ఉంటవి, అటువంటి పన్ను కనబడదు. గూట్లో సైనికులు కూడా తక్కువే. పది ముద్దలు చిదిపితే గాని ఒకటి దొరకదు. అందుకని వెదికి విసుగు పుట్టి, ఇది సైనికులు లేని చెద అని వ్రాసుకొన్న కుర్ర ఉద్యోగిని ఒకరిని నేనెరుగుదును.

నేల చెదకు పుట్ట లేదు. రాజు, రాణి, తుట్టెలు అన్నీ భూమిలోనే. తుట్టె గదులు ఒకచోట గుంపుగా ఉండవు. జానెడు లోతు మొదలు మనిషి నిలువు లోతు దాకా, చేను కింద విత్తనం చల్లినట్లు చెదరి ఉంటవి. ఒక గదికీ ఇంకొక గదికీ సన్నని సొరంగాలు. నాగలి పైపై గదులను చెరుపుతుంది, అడుగువి అట్లానే ఉంటవి. ఈ కారణాన దున్నే కొద్దీ పుట్ట చెద తగ్గి నేల చెద హెచ్చే ప్రమాదం ఉన్నది. ఇది ఊహ కాదు. ఆఫ్రికాలోని నైజీరియా దేశంలో, మొక్వా అనే ప్రాంతాన 1970 దశకంలో బ్రిటిషు శాస్త్రజ్ఞులు అడవి భూమినీ, అడవి నరికి సాగు చేసిన భూమినీ పోల్చి చూచినారు. సాగు భూమిలో పుట్టలు పెట్టే చెదలు పోయినవి. పుట్టలేని మైక్రోటెర్మిస్ చెదలు అడవిలో కన్నా ఎక్కువైనవి. అక్కడి జాతులు వేరు, మన జాతులు వేరు. కాని గూడు పెట్టే తీరు ఒకటే, నాగలి చేసే పనీ ఒకటే. పుట్టలు లేని చేను చెదలేని చేను అనుకోరాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇప్పుడు అసలు సంగతి, దెబ్బ కొట్టే తీరు. నేల చెద వేరు గుండా వస్తుంది. తల్లివేరును కొరికి లోపలికి దూరి, నడుమ డొల్ల చేసి, ఆ డొల్లను మట్టితో నింపుతుంది. పైకి ఏమీ కనబడదు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చెట్టు నేడు వాడుతుంది. పీకి వేరును నిలువునా చీల్చండి. లోపల ఎముకలో మూలుగ ఉండవలసిన చోట మట్టి ఉంటే అది నేల చెద పని. వేరుకుళ్ళు తెగులు వల్ల చచ్చిన చెట్టులో వేరు నల్లబడి మెత్తబడుతుంది గాని లోపల మట్టి చేరదు. ఈ రెంటికీ పొరబడి తెగులు మందు పోసినవారున్నారు. కొన్నిచోట్ల చెద కాయకు కన్నం పెట్టి లోపలికి కూడా దూరుతుంది. మొక్కజొన్నలో వేరు, కాండం మొదలు డొల్లయి, గాలికి చెట్టు పడిపోతుంది.

పుట్ట చెద ఎక్కువగా పైనుంచి పనిచేస్తుంది. దానికి మట్టి కప్పు లేనిదే పని సాగదు. ఎండకు, చీమలకు భయపడి, తాను పోయే దారి అంతా మట్టిపొర పూసుకొంటూ పోతుంది. మామిడి, వేప మొదళ్ళకు గోడకు మెత్తినట్లు మట్టి ఎక్కి ఉంటుంది చూడండి, అది ఇదే. రైతు కంగారుపడతాడు గాని, ఆ మట్టి కింద అది తినేది చాలాసార్లు చెట్టు విడిచిన ఎండు బెరడు మాత్రమే. మట్టి గోకి చూచి, లోపలి బెరడు పచ్చగా ఉంటే చెట్టుకు ఢోకా లేదు. చిన్న మొక్కల సంగతి వేరు. లేత మొక్క మొదలును చుట్టూ గీరితే మొక్క చచ్చిపోతుంది.

వేరుశనగలో ఈ తెగ చేసే నష్టం కంటికి చిన్నది, ఫలితానికి పెద్దది. కాయ మీది గీతల నడుమ ఉండే మెత్తని భాగాన్ని గీరి తినిపోతుంది. డొల్ల జల్లెడ పట్టిన గుడ్డలాగా పలుచబడుతుంది. గింజ మాత్రం చెక్కు చెదరదు. తూకంలో కూడా ఎక్కువ తేడా రాదు. అందువల్ల రైతు దీనిని లెక్కచేయడు. కాని ఆ పలుచబడ్డ డొల్లలోనుంచి నేలలోని పచ్చబూజు గింజకు చేరుతుంది. ఆ బూజు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది విడిచే విషమే అఫ్లటాక్సిన్. కాలేయానికి హానిచేసే విషం. కాయలు ఎగుమతికి పోయేటప్పుడు పరీక్షలో తిరగగొట్టేది దీని మూలాన్నే. ఆ గింజే గానుగకు పోతుంది, పిండిచెక్కయి మన పాడిపశువు ముందుకు వస్తుంది, మన పిల్లల పల్లీ ఉండలోకీ వస్తుంది. తన తెల్లబూజును కంటికి రెప్పలాగా కాచుకొనే పురుగు మనకు పచ్చబూజు అంటించి పోవడం విచిత్రం. గీరిన కాయలను కళ్ళంలోనే ఏరి వేరుచేయవలెను. మంచి కాయలో కలపరాదు, విత్తనానికి ఉంచరాదు.

ఇంకొక గుర్తు ఉన్నది, అది వానాకాలానిది. తొలకరి వానలకు ఉసిళ్ళు లేస్తవి గదా. అవి చెదల పెండ్లి గుంపులు. పుట్ట చెద ఉసిలి రెక్క దాదాపు అంగుళం పొడుగు. నేల చెద ఉసిలి అందులో సగం ఉంటుంది. ఇవి దీపం దగ్గర రాలిన రాత్రి రెక్కలు ఏరి పక్కపక్కన పెట్టి చూడండి, పిల్లలు కూడా చెప్పగలరు. మీ ఊరి చుట్టూ ఏ చెద ఎక్కువో ఒక్క రాత్రిలో కొంత అంచనా దొరుకుతుంది.

ఈ రెండు ఉసిళ్ళకూ ఇంకో తేడా ఉన్నది. నేల చెద ఆడ ఉసిలి పుట్టింటినుంచి పోతూ పోతూ బూజు విత్తనం కడుపులో పెట్టుకొని పోతుంది. కొత్త గూటిలో ఆ విత్తనంతో తోట మొదలుపెడుతుంది. పుట్ట చెద ఉసిలి ఉత్త చేతులతో పోతుంది. దాని తొలి సంతానం బయటకు వచ్చి, ఎండుటాకు మీద రాలిన బూజు విత్తనం ఏరి తెచ్చుకోవలె. ఆ విత్తనం రాల్చేవి ఏవి? వర్షాలకు పుట్టల మీద, పుట్టల పక్కన లేచే గొడుగులు. మనవాళ్ళు పుట్టగొడుగు అని ఊరికే అనలేదు! పొడవాటి వేరుతో లేచే ఆ గొడుగును నెమ్మదిగా తవ్వుకొంటూ పోతే ఆ వేరు తిన్నగా తుట్టె మీదికి చేరుతుంది. నేల చెద గూటినుంచి సాధారణంగా గొడుగు లేవదు, దానికి ఆ అవసరం లేదు గనుక. కాబట్టి పుట్టలేని చోట కూడా పొడుగు వేరు గొడుగులు లేస్తున్నవంటే కింద ఓడాంటోటెర్మిస్ తెగ ఉన్నదని అనుకోవచ్చు. ఆ తెగలో భూమి లోపలే ఉండిపోయే జాతులు కూడా ఉన్నవి మరి. అన్నట్లు, లేచిన గొడుగులన్నీ కూరకు పనికిరావు. బాగా ఎరిగిన పెద్దలు గుర్తించి ఇచ్చినవే వండుకోండి.

మరి రెండు మూడు జాతులను గూర్చి క్లుప్తంగా చెబుతాను. దక్కను మెట్టలలో కొన్ని పుట్టలకు పైన పొగగొట్టాల వలె నోళ్ళు తెరచి ఉంటవి. అవి ఓడాంటోటెర్మిస్ వాలొనెన్సిస్ అనే జాతివి. పుట్ట చెదకు తోబుట్టువే, నష్టమూ ఆ తీరే. ఇక గూటిలో సైనికులు పెద్దవి చిన్నవి రెండు సైజుల్లో కనబడి, పెద్దవి వేలు కొరికితే నెత్తురు చిమ్మిందంటే అది మాక్రోటెర్మిస్ తెగ. ఆ తెగలో మన దక్షిణాది జాతికి కన్వల్షనేరియస్ అని పేరు పెట్టింది ఇందాక చెప్పిన కోనిగే. వేరుశనగ చేలో మనం వెదకవలసింది దానిని కాదు. బీళ్ళలో గడ్డి కోసుకొనే ఇంకో చెద ఉన్నది. దాని సైనికుడికి దవడలకు బదులు తల ముందు ముక్కులాగా పొడుచుకు వచ్చి ఉంటుంది. అది బూజు సాగు చేయదు. సాధారణంగా మన పంట జోలికి రాదు. దాని మీద మందు పోయకండి.

ఇక ఏం చేయాలి?

ముందు రెండింటికీ సరిపడే మాటలు. చేలో పచ్చిపెంట వేయవద్దు. మాగని పెంట చెదకు పిలిచి పెట్టిన విందు. బాగా మాగి, చేతిలో నలిపితే మట్టి మాదిరి రాలేది వేయండి. జొన్న కొయ్యకాళ్ళు, పత్తి మోళ్ళు, కంది మోళ్ళు పీకి బయట వేయండి. బెట్ట రోజులలో ఒక్క తడి ఇవ్వగలిగితే చెద సగం తగ్గినట్లే. నీటి వసతి లేనివారు చేయగలిగింది అదను తప్పకుండా పీకడం. కాయ ముదిరిన తర్వాత నేలలో ఉండే ప్రతి రోజూ చెద గీరడానికి ఇచ్చిన గడువే. కూలీలు దొరకలేదని, నేల గట్టిపడిందని రెండు వారాలు ఆగితే గీరిన కాయల మోపు ఎంత పెరుగుతుందో మీకే తెలుసు. పీకిన చెట్లను కూడా చేలో నేలకు ఆనించి రోజుల తరబడి వదలకండి.

నేల చెద చేలకు పుట్ట మీది ఖర్చు వృథా. దానికి పట్టు విత్తనం దగ్గర, చాలు దగ్గర ఉన్నది. విత్తనశుద్ధి వల్ల మొలకకూ లేత వేరుకూ కొంతకాలం కాపుదల కలుగుతుంది. వేసవి దుక్కి లోతుగా దున్నితే పైపొరలోని తుట్టెలు ఎండకు పడి, పక్షులకు, చీమలకు మేత అవుతవి. అడుగువి మిగులుతవని చెప్పినాను గదా, అందుచేత ఒక్క దుక్కితో తీరిపోతుందని ఆశ పెట్టుకోవద్దు. చెరకు నాటేవారికి కూడా ఇదే జాగ్రత్త. చెద ముచ్చె కోసిన కొసలనుంచి దూరి లోపల మట్టి నింపుతుంది, కన్ను మొలవదు. ముచ్చె నాటిన వెంటనే తడి ఇవ్వవలెను. ఆలస్యమైతే చెదదే పైచేయి.

మందు మాట. మన తండ్రుల కాలాన చెద అంటే బి.హెచ్.సి. పొడి. అది నేలలో ఏండ్ల తరబడి ఉండిపోయి, కాయలోకి, పాలలోకి చేరుతున్నదని తేలి 1997లో మన దేశంలో నిషేధించినారు. పాత డబ్బాలు అటకమీద ఉంటే చేలో చల్లకండి. ఈనాడు క్లోరిపైరిఫాస్, ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులను గూర్చి మీరు వింటూ ఉంటారు. ఏ మందుకు ఏ పంటలో అనుమతి ఉన్నదో అప్పుడప్పుడు మారుతూ ఉంటుంది. కొనే ముందు కృషి విజ్ఞాన కేంద్రంలో గాని, మీ వ్యవసాయాధికారిని గాని అడిగి, డబ్బా మీద మీ పంట పేరు ఉన్నదో లేదో చదివించుకొని, అందులో చెప్పిన మోతాదే వాడండి. చెద కనబడని చేలో ముందుజాగ్రత్త అని మందు పోయకండి.

విస్తరణోద్యోగులకు ఒక సూచన. విత్తనానికి నెల ముందు, చేలో పది పన్నెండు చోట్ల ఎండు మొక్కజొన్న బెండ్లు తడిపి జానెడు లోతున పాతి, కర్ర గుర్తు పెట్టండి. పది రోజులు పోయిన తర్వాత తీసి దులపండి. వచ్చిన చెదలలో సైనికుణ్ణి ఏరి భూతద్దంలో చూపండి, రైతు చేతికే భూతద్దం ఇవ్వండి. ఏ చెదో ఆయనే చెబుతాడు. ఒక్క బెండుకు ఒక్క చెదే వస్తుందని లేదు. పుట్ట చెద, నేల చెద ఒకే చేలో ఉండడం తరచు జరిగేదే. అటువంటి చోట వేరు చీల్చి చూచి, కాయ గీత చూచి, నష్టం దేనిదో తేల్చవలెను.

పుట్ట చెదవల్లనే నష్టం అని రూఢి అయితే, పుట్ట చేనుకు దగ్గరలోనే ఉంటే, అప్పుడు పుట్ట మీద పని పెట్టుకోవచ్చు. అడుగుదాకా తవ్వి రాణి గది తీయవలెను. పైపైన పగలగొడితే వారంలో కట్టుకొంటవి. రాణిని తీసినా ఒక్కొక్కప్పుడు కొత్త రాణి తయారయ్యే అవకాశం ఉన్నది. గట్టు మీద దూరాన, నాగులచవితికి పాలు పోసే పుట్ట ఒకటి ఉంటే దానిని అట్లానే ఉండనివ్వండి. ఆచారం మాట అటుంచి, రాలిన ఆకును మట్టిలో కలిపేది, నేలకు బొరియలు చేసి వాన నీటిని లోపలికి దించేది ఆ చెదే.

చివరకు చాలామంది అడిగే ప్రశ్న: మందు పోసిన పుట్ట చచ్చిందా లేదా తెలిసేది ఎట్లా? సాయంత్రం పుట్టకు ఒక పక్క చేటంత పెల్ల ఊడగొట్టండి. బతికి ఉంటే తెల్లవారేసరికి తడిమట్టితో కొంతైనా పూడ్చి ఉంటుంది. రెండు మూడు రోజులైనా పెల్ల ఊడిన చోటు అట్లానే ఉంటే, కొన్ని వారాలు ఆగి, లోపలి తుట్టె ఒకటి తీసి చూడండి. తెల్లని గుండ్లు పోయి, అగ్గిపుల్లల మాదిరి నల్లని కాడలు తుట్టె మీద లేచి ఉంటవి. అది వేరొక బూజు. తుట్టెలో ఎప్పుడూ నక్కి ఉంటుంది. చెదలు బతికి ఉన్నంతకాలం మనం కలుపు తీసినట్లు దానిని తలెత్తనీయవు. ఆ నల్లకాడలు కనబడితే లోపల కలుపు తీసేవారు లేరన్నమాట. ఇక ఆ పుట్ట మీద రూపాయి కూడా పెట్టకండి.